దుప్పటి కింద కుడిచేయి

నంద్యాలలో మా కొట్టు వెనక ఒక పాతిల్లు ఉండేది. అందులో ఎవరో ఉరివేసుకున్నారని, పట్టపగలు కూడా లోపలి నుంచి మూలుగు వినపడుతుందని చెప్పుకునేవారు. ఎనిమిదేళ్ళు ఎవరూ కొనలేదు. నేను ఆ ఇంటి యజమాని దగ్గరికి పోయి, మూలుగు నాక్కూడా వినపడిందని చెప్పి, సగం ధరకి కొనుక్కున్నాను. ఇప్పటికీ అదే మా గోడౌను. అందులో ఎలుకలు తప్ప ఇంకేవీ మూలగలేదు.

దెయ్యాల మీద నాకున్న నమ్మకం ఎంతో ఈ ఒక్క బేరంతో మీకు తెలిసిపోవాలి. చచ్చినవాడు వచ్చాడని ఎవరైనా చెబితే, ఎంత తాగావని అడిగేవాణ్ణి నేను. ఇప్పుడు రాయబోయేదాన్ని ఇంకొకరు చెప్పి ఉంటే వాళ్ళనీ అదే అడిగేవాణ్ణి. ఇది నా కుడిచేతికి జరిగింది కనుక రాస్తున్నాను.

మాది తాళ్ళ కొట్టు. పలుపులు, మోకులు, ముకుతాళ్ళు, ఎద్దుల మెడగంటలు అమ్ముతాం. వారానికి ఒకరోజు సరుకు మూటకట్టి ఆళ్ళగడ్డ పశువుల సంతకి పోవడం మా నాయన కాలం నుంచి అలవాటు. ఎద్దును అమ్మినవాడు తన పలుపు విప్పుకునిపోతాడు, ఇవ్వడు. కొన్నవాడు కొత్త పలుపు కొనక తప్పదు. ఆ ఆచారం మీదే మా ఇంట్లో ఇన్నేళ్ళు పొయ్యి వెలిగింది.

సంతలో దళారులు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి తరఫున ఒకడు, కొనేవాడి తరఫున ఒకడు ఎదురెదురుగా నిలబడి చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరం చేస్తారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, కణుపు నొక్కితే ఎంత, అరచెయ్యి గీకితే అర్థమేమిటి, అదంతా వాళ్ళకే తెలుసు. పైన మొహాలు మాత్రం వానల సంగతి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. కొడుకైనా సరే, ఏళ్ళ తరబడి వెంట తిరిగితే గానీ ఆ విద్య చెప్పరు.

నాకు దాని మీద మోజు. బేరం ఆడటంలో నన్ను మించినవాడు లేడని అనుకునే మనిషిని, నా కళ్ళముందు జరిగే బేరం నాకు తెలియకపోవడం ఎంత అవమానమో చెప్పలేను. మద్దిలేటి అనే దళారిని నేర్పమని బతిమాలాను. ఆళ్ళగడ్డ సంతలో ఆయన చేతికి పేరు. చిన్నప్పుడు ఎద్దు బెదిరి పలుపు బిగుసుకుని, కుడిచేతి ఉంగరపు వేలు పైకణుపు దగ్గర తెగిపోయింది. ధర మొదలుపెట్టే ముందు ఆ మొండి వేలితో ఎదుటివాడి మణికట్టు మీద రెండుసార్లు కొట్టేవాడు, తలుపు తట్టినట్టు. చూసి తెలుసుకున్నది కాదు ఇది, దళారులు నవ్వుతూ చెప్పుకుంటుంటే విన్నాను.

ఆయనకి ఒక జత ఇత్తడి గంటలు ఊరికే ఇచ్చాను. తీసుకున్నాడు. తన ఎద్దులకి కట్టాడు.

"మరి నేర్పుతావా అన్నా?" అని అడిగితే నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు.

"తక్కెడ పట్టిన చెయ్యి శెట్టీ ఇది. దీనికి రాదు పో" అన్నాడు.

బేరంలో నేను అంత దారుణంగా మోసపోవడం అదే మొదలు.

డెబ్భైల చివర జరిగింది ఇది. మా వైపు అప్పుడు రెండు గుంపుల మధ్య కక్షలు. వాళ్ళ పేర్లు రాయను. మద్దిలేటి ఏ గుంపులోనూ లేడు. కానీ ఒక గుంపు పెద్దమనిషికి ఎద్దులు కొనిచ్చేవాడు, ఆ ఇంట్లో అన్నం తినేవాడు. ఆ రోజుల్లో చావడానికి అది చాలు. ఆయన దగ్గరే విద్య నేర్చుకుని, పదేళ్ళు ఆయన వెంట తిరిగిన ఓబులేసు అనే దళారి అవతలి గుంపులో చేరాడు.

సంత ముగించుకుని మధ్యాహ్నం బస్సులో నంద్యాలకి వస్తున్నాం. మద్దిలేటి నా పక్కనే కూర్చున్నాడు. శిరివెళ్ళ ఇంకా రాలేదు. రోడ్డుకి అడ్డంగా ఒక ట్రాక్టరు నిలబెట్టి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ట్రాక్టరు వెనక నుంచి ఆరుగురు వచ్చారు. మొహాలకి తువ్వాళ్ళు, చేతుల్లో వేటకొడవళ్ళు.

మద్దిలేటి ఏమీ అరవలేదు. నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. అంతే.

మొదటి వేటు ఆయన భుజం మీద పడింది. రక్తం నా నోట్లోకి కొట్టింది. ఉప్పగా, వేడిగా ఉండింది. కాళ్ళు పట్టుకుని బయటికి ఈడుస్తుంటే ఆయన నా చెయ్యి వదల్లేదు. ఆయనతోపాటు నేనూ సీట్ల మధ్య నుంచి, మెట్ల మీద నుంచి రోడ్డు మీద పడ్డాను. అక్కడ ఇంకో నాలుగు వేట్లు వేశారు. మెడ మీద పడినప్పుడు వచ్చిన చప్పుడు, తడిసిన మోకు తెగిన చప్పుడులా ఉండింది. అప్పుడు ఆ పట్టు వదులైంది.

వేటు వేసినవాడి తువ్వాలు జారింది. ఓబులేసు. నేను వాణ్ణి చూశాను. నేను చూడటం వాడు చూశాడు. తువ్వాలు పైకి లాక్కున్నాడు. పోతూ పోతూ ఎవడో నాటుబాంబు విసిరాడు. మేకులు, గాజుపెంకులు నా ఎడమ భుజంలో, తొడలో, పక్కటెముకల మీద దిగాయి.

నన్ను నంద్యాలలో ఒక డాక్టరుగారి చిన్న ఆసుపత్రికి తెచ్చారు. మేకులు తీస్తుంటే అరుస్తూ అందరినీ తన్నానట. డాక్టరుగారు మత్తుసూది వేయడం నాకు గుర్తుంది. చేతి నరంలో ఏదో చల్లగా పాకింది. ఆ తర్వాత మూడు రోజులు లేవు.

నిద్రపోయానని అనుకోవద్దు. మెలకువగానే ఉన్నానట. కుట్లు తెంపుకుంటానని పూటకోసారి సూది వేస్తూ ఉంచారు. అన్నం తిన్నాను. మా నాయనతో మాట్లాడాను. పోలీసులు వచ్చి అడిగితే నీళ్ళు కావాలన్నాను. దిండ్ల ధర ఎంతని నర్సుతో బేరం కూడా ఆడానట, అది మాత్రం నమ్మగలను. వీటిలో ఒక్కటీ నా తలలో లేదు.

ఆ నర్సు పేరు సుగుణమ్మ. మిడుతూరు ఆమె, చర్చి పిల్లలకి పాటలు నేర్పేది. పక్కటెముకలు నొప్పి పెట్టకుండా దగ్గాలంటే దిండు రొమ్ముకి అదుముకుని దగ్గాలి. ఆ పని నాకు మూడు రోజుల్లో ఇరవైసార్లు నేర్పిందట.

"పొద్దున నేర్పింది మధ్యాన్నానికి మళ్ళా కొత్తే శెట్టీ నీకు" అని నవ్వింది. "నువ్వెవురమ్మా, నాకెప్పుడు చెప్పినావ్ అంటావ్. కానీ మూడోనాటికి దగ్గు వస్తే చాలు, నీ చేతులే దిండు కాడికి పోతాండె. నోరేమో నాకు తెలీదంటాది, చేతులేమో చేస్తాండాయి."

డాక్టరుగారు దాన్ని వివరించారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు, కానీ అడిగితే చెప్పేవారు. ఈ మందు ఉన్నంతసేపు కొత్తది ఏదీ తలలో నిలవదన్నారు. చూస్తావు, వింటావు, జవాబు చెబుతావు, కానీ దాచుకునే అర తలుపు మూసి ఉంటుంది. సూదికి ముందు జరిగింది మాత్రం ఎక్కడికీ పోదు. ఇక చేతి అలవాటు వేరే దారిన నేర్చుకుంటుంది, దానికి ఆ అరతో పని లేదు. తల మరిచినా చెయ్యి నేర్చుకోవడం తాను ఇంతకుముందు కూడా రోగుల్లో చూశానన్నారు.

నేను ఇదంతా శ్రద్ధగా విన్నాను. జ్ఞానం కోసం కాదు. నాలుగో రోజు తెలివి వచ్చేసరికి ఒక సంగతి నాకు బాగా తెలిసింది. బస్సులో నలభై మంది ఉన్నారు, ఎవరూ ఏమీ చూడలేదు. కండక్టరు టికెట్లు లెక్క పెట్టుకుంటున్నాడట, డ్రైవరు బీడీ వెలిగించుకుంటున్నాడట. తువ్వాలు జారిన మొహాన్ని చూసింది నేనొక్కణ్ణే. నేను నోరు విప్పితే చస్తాను. విప్పనని ఓబులేసు నమ్మకపోయినా చస్తాను. అందుకని మత్తుసూదిని సాకుగా పట్టుకున్నాను. సూది వేశాక ముందూ వెనకా అంతా తుడిచిపెట్టుకుపోయిందని చెప్పాలని నిర్ణయించుకున్నాను.

డాక్టరుగారు నా మొహం చూసి కనిపెట్టారు.

"ఆ మందు వెనక్కి పనిచెయ్యదు" అన్నారు.

"ఆ ముక్క మీరు బయట అనొద్దు సార్" అన్నాను.

ఆయన కిటికీ రెక్క మూసి వచ్చారు. అనలేదు.

పోలీసులకి అదే చెప్పాను. రాసుకున్నారు, వాళ్ళకీ పని తగ్గింది. ఆ మర్నాడు పొద్దున ఓబులేసే వచ్చాడు. డజను బత్తాయిలు తెచ్చాడు. మంచం అంచు మీద, నా గాయమైన తొడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏం శెట్టీ, ఎట్లుండావ్?"

"ఉండానప్పా. నువ్వెవురు?" అన్నాను.

అన్న తర్వాత తెలిసింది, ఎక్కువ తూచేశానని. పదేళ్ళుగా సంతలో నా దగ్గర పలుపులు కొన్నవాడు. వాడి కళ్ళు చిన్నవయ్యాయి. చెయ్యి నా తొడ కట్టు మీద పెట్టాడు.

"నన్నే మర్సినావా?"

"ఓబులేసా! కండ్లు మసకలప్పా, సూదులు పొడిసి పొడిసి చంపినారు. ఆ దినం సంతకి పొయ్యింది గుర్తుండాది. బస్సెక్కినానో లేదో కూడా తెలీదు."

"పక్కన ఎవురు కూచున్న్యారో?"

"బస్సే లేదంటాంటే పక్కన ఎవురని చెప్పేది?"

కట్టు మీద చెయ్యి మెల్లగా బరువైంది. లోపల కుట్లు ఒక్కొక్కటే లాగుతున్నాయి. నేను అరవలేదు. అరిస్తే సుగుణమ్మ వస్తుంది, వాడు లేచిపోతాడు, నమ్మకుండా లేచిపోతాడు. నవ్వాను. చెమటలు కారుతుంటే నవ్వుతూ, బత్తాయిలు ఎంతకి తెచ్చావని అడిగాను. వాడు చెప్పాడు. మోసపోయావన్నాను. అప్పుడు చెయ్యి తీశాడు.

"నీ బేరాల బుద్ధి మాత్రం తుడుసుకపోలేదులే" అని లేచాడు. "మర్సిపోయినోడు మర్సిపోయినట్టే ఉండాల శెట్టీ."

కట్టు తడిసి దుప్పటి ఎర్రబడింది.

మద్దిలేటి భార్య చెన్నమ్మ సాయంత్రం వచ్చింది. ఆమెకి నేను చెప్పిన అబద్ధమే వీటన్నిటిలోకి నీచం. "సంపిందెవురన్నా?" అని అడగలేదు ఆమె. నేను చెప్పనని తెలుసు.

"నువ్వు ఆయప్ప పక్కనే ఉన్న్యావంట గదన్నా. సచ్చేటప్పుడు ఒక మాటన్నా అన్న్యాడా?" అంది.

"గుర్తులేదమ్మా" అన్నాను. చెయ్యి పట్టుకున్నాడని కూడా చెప్పలేదు. చెబితే బస్సు గుర్తున్నట్టే కదా.

ఆమె పోయాక సుగుణమ్మ తలుపు దగ్గర నిలబడి, ఒక సంగతి చెప్పాలా వద్దా అని చూసింది. చివరికి చెప్పింది. మత్తులో ఉన్న మూడు రోజులూ దుప్పటి కింద నా కుడిచెయ్యి కదులుతూనే ఉందట. మొదట మూర్ఛ అనుకుని దుప్పటి తీసి చూసింది. తీసేసరికి ఆగిపోయింది. కప్పితే మళ్ళీ మొదలు. వణుకు కాదట, వేళ్ళు ఒక్కొక్కటిగా మడిచి, తెరిచి, మడిచి. ఎదుటి చెయ్యి ఉన్నట్టు. ఒకసారి తన చెయ్యి కింద పెట్టి చూసింది. నా వేళ్ళు ఆమె చేతిని తడిమి, పక్కకి తోసేశాయట.

"వేరే చెయ్యి కోసం ఎతికినట్టు" అంది. "నేను పాట పాడుకుంటా బయటికొచ్చినా."

నా మంచం కుడిపక్కన గోడే ఉంది.

మత్తులో మనిషి ఏదో చేస్తాడులే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ప్రాణం మీద భయం ఉన్నవాడికి దుప్పటి సంగతి ఎందుకు?

ఆరేడు నెలలకి మళ్ళీ సంతకి పోవడం మొదలుపెట్టాను. పోకపోతే ఓబులేసుకి అనుమానం. ఒకరోజు అవుకు రైతు ఒకాయన ఎద్దులు కొనడానికి వచ్చాడు. ఆయన దళారి రాలేదు. "శెట్టీ, నువ్వన్నా వచ్చి నిలబడప్పా, ఈ ముసలోడు నన్ను ముంచుతాడు" అన్నాడు. సరదాగా పోయాను. ముసలి దళారి నవ్వుతూ తువ్వాలు పరిచాడు. నా చెయ్యి కింద పెట్టాను.

ఆయన నా వేళ్ళు పట్టుకున్నాడు. ధర తెలిసింది.

ఎలా తెలిసిందని అడగొద్దు. ఈత వచ్చినవాణ్ణి నీళ్ళలో వేస్తే చేతులు ఎలా ఆడతాయో అలా. నేను ఆలోచించేలోపు నా వేళ్ళు జవాబు చెప్పాయి. ముసలాయన నవ్వు ఆగిపోయింది. ఆయన ఇంకోటి నొక్కాడు, నా చెయ్యి గీకింది. నాలుగు నిమిషాల్లో బేరం తెగింది. రైతు నన్ను కౌగిలించుకున్నాడు. ముసలాయన మాత్రం తువ్వాలు దులుపుకుంటూ "నీకీ విద్య ఎవురు చెప్పినారు?" అన్నాడు. చూసి చూసి నేర్చుకున్నానన్నాను. తువ్వాలు కింద జరిగేది చూసి నేర్చుకోవడమేమిటని ఆయన అడగలేదు గానీ అడిగినట్టే చూశాడు.

బుద్ధి ఉన్నవాడైతే ఆ రోజే ఏ గుడికో దర్గాకో పోయేవాడు. నేను కొట్టుబిడ్డని. వచ్చే వారం ఇంకో రెండు బేరాలు ఒప్పుకున్నాను. ఆపై వారం నాలుగు. తాళ్ళ కన్నా దళారీలోనే ఎక్కువ మిగిలింది. ఉచితంగా వచ్చిన సరుకు ఎక్కడిదని అడగకపోవడం మా వంశంలో ఉంది.

ఒక్కటి మాత్రం నాకు నచ్చేది కాదు. రెండో వారం నుంచి, బేరం మొదలయ్యే ముందు నా ఉంగరపు వేలు పైకణుపు దగ్గర దానంతటదే మడుచుకునేది. ఆ మడిచిన కణుపుతో ఎదుటివాడి మణికట్టు మీద రెండుసార్లు కొట్టేది. ఆపాలని చూశాను. ఆగలేదు. కొత్త దళారులకి అదేమిటో తెలియదు. పాతవాళ్ళు చెయ్యి లాక్కుని, మళ్ళీ నాతో నిలబడేవాళ్ళు కాదు.

ఆ మాట ఓబులేసు చెవిన పడి ఉంటుంది. ఒక సంతరోజు పన్నెండు గంటల వేళ, ఎండ మండిపోతుంటే, నేరుగా నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. పక్కన మంచి కోడెల జత, కొనేవాడు నా తరఫు. తువ్వాలు తీసి పరిచాడు. చంకలో గోనెసంచి చుట్ట ఒకటి ఉంది. అందులో ఏముందో సంతలో అందరికీ తెలుసు.

"రా శెట్టీ. నువ్వు పెద్ద దళారివైనావంట గదా."

చెయ్యి నొప్పిగా ఉందన్నాను. వాడు నా మణికట్టు పట్టుకుని తువ్వాలు కిందికి లాగాడు.

నా వేలు మడుచుకుంది. రెండుసార్లు కొట్టింది.

ఓబులేసు మొహంలోంచి రక్తం దిగిపోవడం నా కళ్ళతో చూశాను. పదేళ్ళు ఆ మొండి వేలి దెబ్బ తిన్నవాడు వాడు. నేను చెయ్యి వెనక్కి లాక్కోవాలని చూశాను. రాలేదు. నా వేళ్ళు వాడి వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుంటున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మళ్ళీ బొటనవేలికి వచ్చి ఆరు. ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఆరు. కోడెల ధరకీ దానికీ సంబంధం లేదు. ట్రాక్టరు వెనక నుంచి వచ్చింది ఆరుగురు.

"ఇడువు" అన్నాడు మెల్లగా.

"నేను పట్టుకోలేదప్పా" అన్నాను. నిజమే చెప్పాను.

"ఇడువురా నా కొడకా!"

"నా చెయ్యే రాలేదు ఓబులేసా, నువ్వే లాక్కో!"

ఇద్దరమూ లాగాం. చుట్టూ జనం నవ్వారు, బేరం బిగిసిందనుకున్నారు. వాడు ఎడమచేత్తో చంకలో చుట్ట విదిలించాడు. కొడవలి తళుక్కుమంది. తువ్వాలు మీదే వేశాడు.

ఆ క్షణాన నా చెయ్యి వదిలింది. నేను వదిలానని అనను. వెనక్కి పడ్డాను. నా చిటికెన వేలు తెగి తువ్వాల్లో ఉండిపోయింది. కానీ ఎక్కువ పడింది వాడి చేతి మీద. అరచెయ్యి సగానికి చీలి, నాలుగు వేళ్ళు తోలు పట్టుకుని వేలాడాయి. కోడెలు రక్తం వాసనకి బెదిరి పలుపులు తెంపుకుని జనం మీదికి దూకాయి. ఒక ముసలామె కాళ్ళ కింద పడింది. అరుపులు, దుమ్ము. వాటన్నిటి మధ్య ఓబులేసు తన చెయ్యి చూసుకోవడం లేదు. నన్ను చూస్తున్నాడు, నా పక్కన చూస్తున్నాడు.

"మెడ నరికినాను గదరా!" అని అరిచాడు. "శిరివెళ్ళ కాడ నేనే నరికినాను గదరా నిన్ను! మళ్ళా యాడ నుంచి వచ్చినావ్ రా?"

సంత మొత్తం విన్నది.

నన్ను నంద్యాలకి అదే డాక్టరుగారి దగ్గరికి తెచ్చారు. సుగుణమ్మ ట్రేలో మత్తుసూది సిద్ధం చేసింది. ఆ సూది చూడగానే లేచి కూర్చున్నాను.

"వద్దు. మెలకువగానే కుట్టండి" అన్నాను.

"తట్టుకోలేవయ్యా" అన్నారు డాక్టరుగారు.

"ఈసారి ఏం నేర్చుకుంటుందో నాకు తెలీదు సార్."

ఆయనకి అప్పుడు అంతా చెప్పాను, తువ్వాలు సంగతి, దుప్పటి సంగతి. వేలికి మాత్రం తిమ్మిరి మందు పొడిచి, కుడుతూనే విన్నారు. అది పూర్తిగా పట్టలేదు, పళ్ళు కొరుక్కుంటూ చెప్పాను. ఆయన ఎగతాళి చెయ్యలేదు. ఆ మత్తులో చెయ్యి కొత్త పని నేర్చుకోగలదు, అందులో వింత లేదన్నారు. దిండు పట్టుకోవడం అట్లాగే నేర్చుకున్నానన్నారు. దారం తెంపాక మళ్ళీ అన్నారు:

"కాకపోతే దిండు సంగతి సుగుణమ్మ నేర్పింది. ఇది నేర్పడానికి ఆ గదిలో ఒకడు ఉండాలి కదా."

బస్సులో చెయ్యి పట్టుకున్నప్పుడే ఆ వేళ్ళు ఏమైనా చెప్పాయేమో అన్నారు. అది పది క్షణాలు కూడా లేదు సార్, పదేళ్ళ విద్య అది అన్నాను.

పోలీసులు గది బయటే ఉన్నారు. లోపలికి పిలవమన్నాను. మా నాయన గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించి వద్దని తల ఊపుతున్నాడు. ఆయన్ని చూడకుండా గోడ వైపు తిరిగి మొత్తం చెప్పాను. ట్రాక్టరు, ఆరుగురు, జారిన తువ్వాలు. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే, మత్తుసూది సాకు పెట్టుకున్నానని అదీ చెప్పాను. డాక్టరుగారు కూడా కోర్టులో నిలబడి ఆ మందు వెనక్కి పనిచెయ్యదని చెప్పారు.

ఓబులేసుకి శిక్ష పడింది. తక్కిన అయిదుగురి మొహాలు నేను చూడలేదు, వాళ్ళ పేర్లు వాడు చెప్పలేదు. ఆ అయిదుగురిలో ఎవరో గానీ మా కొట్టు తగలబెట్టారు. తాళ్ళు బాగా మండుతాయి. రెండు రోజులు ఆరలేదు, వెనక గోడౌను ఒక్కటే మిగిలింది. నాయన ఆ బూడిద ముందు కూర్చుని, మిగిలిన మెడగంటలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

వాంగ్మూలం ఇచ్చిన రోజు నుంచి నా చేతికి ఆ విద్య లేదు. సంతలో ముసలాయన దగ్గర తువ్వాలు కింద చెయ్యి పెట్టి చూశాను. ఆయన వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్నాయి. అంతే, పట్టుకున్నాయి. అర్థం లేదు. చిటికెన వేలు పోయింది కనుక అని కొందరు అన్నారు. ఆరు వేళ్ళున్నా నాకు రాదని నాకు తెలుసు.

కోర్టు అయిపోయాక చెన్నమ్మ ఇంటికి పోయాను. క్షమించమని అడగడానికి పోయాను గానీ అడగడం చేతకాక, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. ఆయన ఏమీ అనలేదని, నా చెయ్యి పట్టుకున్నాడని అప్పుడు చెప్పాను. ఆమె తల ఊపింది. సుగుణమ్మ తనకి దుప్పటి సంగతి చెప్పిందంది. ఇద్దరూ ఎప్పుడు కలిశారో నాకు తెలియదు.

"ఒకటడుగుతా, చెప్తావా అన్నా?"

"అడుగమ్మా."

"ఆసుపత్రిలో ఆ మూడు దినాలు ఆయప్ప చెయ్యి ఎట్లుండె? సల్లగుండెనా?"

"లేదమ్మా, వెచ్చగా ఉండె" అన్నాను. "అప్పుడే ఎద్దును తోలుకొచ్చినట్టు, పలుపు రాపిడికి గరుగ్గా, వెచ్చగా ఉండె."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమెని ఓదార్చడానికి చెప్పలేదు ఆ మాట. ఆలోచించి చెప్పలేదు. అడిగింది, చెప్పాను, కళ్ళతో చూసింది చెప్పినట్టు. ఆ మూడు రోజుల్లో మా నాయన మొహం నాకు గుర్తులేదు. తిన్న అన్నం గుర్తులేదు. ఇప్పటికీ లేదు, ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకదు. మరి ఆ వెచ్చదనం నాకెలా తెలుసో, ఇన్నేళ్ళయినా నేను చెప్పలేను.